కాగితం మీదే

పోయిన వారం వెల్మా టీసెన్‌ని ఫోను చెవికి ఆనించుకుని నిలబడిపోయిన చోట వదిలేశాం. ఆదివారం సాయంత్రం సంగతి అది. ఫోను ఎప్పుడో పెట్టేసింది కానీ, ఆమె మనసు మాత్రం సోమవారం పొద్దుటికి కూడా అక్కడే నిలబడి ఉంది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. సస్కటూన్ క్రేన్స్ ఐస్ హాకీ జట్టులో వెల్మా పని ఆట కాదు, సర్దుడు. లీగ్‌లో ఉన్న ముప్ఫై రెండు జట్లకీ జీతాల మీద ఒకటే గీత. ఆ గీత దాటితే జట్టుని మంచు మీద అడుగు పెట్టనివ్వరు. ఎవర్ని ఉంచాలి, ఎవర్ని వదలాలి అన్నది చిన్న సూట్‌కేసులో చలికాలం బట్టలు సర్దడం లాంటిది. కోటు పెడితే బూట్లు పట్టవు. పదకొండేళ్ళుగా ఆ సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు లాగుతున్నది వెల్మాయే.

ఆమె దగ్గర ఒక చిట్కా ఉండేది. రెండో గోల్‌కీపర్ ఎమిల్ డేనో, ఇరవై రెండేళ్ళవాడు. మ్యాచ్ లేని రోజున అతన్ని రెజైనాలో ఉన్న కింది జట్టుకి పంపేసేది. కాగితం మీదే సుమా. మనిషి సస్కటూన్‌లో తన ఇంట్లో సోఫా మీద కాళ్ళు చాపుకుని ఉండేవాడు. మర్నాడు మళ్ళీ కాగితం మీదే వెనక్కి పిలిచేది. ఆ ఒక్క రోజు జీతం గీత లోపల మిగిలేది. అలా చలికాలమంతా చీమలా కూడబెట్టిన చోటులోనే మొన్న శనివారం జట్టు ఒక కొత్త డిఫెన్స్ ఆటగాణ్ణి తెచ్చుకుంది.

అయితే ఈ వెసులుబాటు అరవై మ్యాచ్‌లు నిండనివాళ్ళకే. నిండినవాణ్ణి కిందికి పంపామా, పేరు లీగ్ జాబితాకెక్కుతుంది. మర్నాడు మధ్యాహ్నం రెండింటిలోగా మిగతా జట్లలో ఎవరు చెయ్యెత్తినా అతను వాళ్ళ సొంతం. రెండు అంటే లీగ్ ఆఫీసున్న టొరంటోలో రెండు. చలికాలమంతా మాకిక్కడ అది ఒంటి గంట.

వెల్మా లెక్కలో ఎమిల్ ఆడినవి యాభై తొమ్మిది. లీగ్ లెక్కలో అరవై. నవంబరులో వినిపెగ్‌లో మొదటి గోల్‌కీపర్ స్కేటు బ్లేడు విరిగితే, అతను మార్చుకొచ్చేదాకా ఎమిల్ నలభై సెకన్లు గోలు ముందు నిలబడ్డాడు. పక్కు, అంటే ఆ నల్ల రబ్బరు బిళ్ళ, అతని వైపు తొంగి కూడా చూడలేదు. కానీ నిలబడితే ఆడినట్టేనట. ఆదివారం ఎప్పటిలాగే వెల్మా ఎమిల్‌ని కాగితం మీద రెజైనా పంపింది. గంట తిరక్కుండా లీగ్ నుంచి ఫోను వచ్చింది.

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి వెల్మా జనరల్ మేనేజరు గార్త్ ఒలెక్సుక్ ముందు నిలబడింది. గార్త్ అరిస్తే మంచు రింక్ అద్దాలు అదురుతాయని ఊరంతా చెప్పుకుంటారు. ఆ పొద్దున అతను అరవలేదు. పొద్దుతిరుగుడు గింజలు ఒక్కొక్కటే కొరికి, తొక్కలు కాగితపు కప్పులో ఉమ్ముతూ కూర్చున్నాడు. వెల్మాకి ఆ చప్పుడికే ఎక్కువ భయమేసింది.

"ఎన్ని సెకన్లు?" అన్నాడు.

"నలభై."

"ఒక్క షాటన్నా వచ్చిందా?"

"రాలేదు."

"అంటే పిల్లాడు ఊరికే నిలబడ్డాడు."

"అవును గార్త్."

"బస్ కోసం నిలబడ్డట్టు." తొక్క ఉమ్మాడు. "ఇలాంటి గోల్‌కీపర్ కోసం ఈ ఊరు ఎన్నేళ్ళు కాచుకుందో నీకు తెలుసు కదా. ఎత్తుకుపోవడానికి ఎంతమంది కాచుక్కూర్చున్నారు?"

"ఆరు జట్లకి గోల్‌కీపర్ కావాలి. కనీసం ఆరు."

గార్త్ వెనక గోడ మీద రెండు గడియారాలున్నాయి. ఒకటి మాది, ఒకటి టొరంటోది. మాది ఎనిమిది చూపిస్తోంది, టొరంటోది తొమ్మిది. వాటి కింద ఒక పాత చెక్క కుర్చీ. దాని మీద ఎవరూ కూర్చోరు. ఏడాదికి రెండుసార్లు వెల్మా బూట్లు విప్పి దాని మీదకెక్కుతుంది, అంతే దాని ఉద్యోగం. గార్త్ తల తిప్పి టొరంటో గడియారం వైపు చూశాడు. వెల్మా కూడా చూసింది.

"అయిదు గంటలుంది," అన్నాడు గార్త్. "పేరు వెనక్కి తీసుకోవచ్చా?"

"తీసుకోవచ్చు. కానీ తీసుకుంటే గీత దాటిపోతాం. శనివారం కొత్తవాణ్ణి తెచ్చాం కదా. ఎమిల్ పైకి రావాలంటే ఇంకో జీతం కిందికి దిగాలి. గాయాల జాబితాలో పెట్టిన మనిషి జీతం ఒక్కటే లెక్కలోకి రాదు. సీజన్ మొత్తానికీ పెట్టాలి."

ఇద్దరికీ ఒకే పేరు తట్టింది. కెప్టెన్ డార్సీ వొరోబెట్స్ పేరు.

"డార్సీకి ముప్ఫై ఆరొచ్చాయి," ముందు గార్తే అన్నాడు. "ఆ వయసులో నడుం నొప్పి లేని డిఫెన్స్ వాడు ఎక్కడుంటాడు? ఏదో ఒక నొప్పి రాయించు."

"లేని నొప్పి రాయిస్తే, బయటపడితే, మీకూ నాకూ ఇంక ఈ లీగ్‌లో చోటుండదు."

"బయటపడకపోతే ఉంటుంది." గార్త్ కప్పు పక్కకి నెట్టాడు. "నేను అడగను. నలభై సెకన్లు నీవి. నువ్వే అడుగు."

మింగలేక కక్కలేక బయటికొచ్చింది వెల్మా. లీగ్ కప్పు గెలుస్తారా ఓడతారా అన్నది ఆమె భయం కాదు. ఆ భయాలకి ఆమె ఎప్పుడో అలవాటు పడింది. ఎమిల్‌కి తానిచ్చిన మాట ఉంది. సెప్టెంబరులో మొదటిసారి కాగితం పంపినప్పుడు అతను బెదిరిపోయి ఫోను చేస్తే, "నువ్వు ఎక్కడికీ వెళ్ళవు నాయనా, నాదీ పూచీ, ఇదంతా కాగితం మీదే" అంది. ఆ మాట నమ్మే ఎమిల్ ఉత్తరాన బఫలో నారోస్ నుంచి తన అమ్మమ్మని తెచ్చుకుని ఇక్కడ కాపురం పెట్టాడు. ఆవిడకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు యంత్రం మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఆవిడ ఊళ్ళో ఆ యంత్రం లేదు.

ముందు అతనికి చెప్పాలి అనుకుంది వెల్మా. ఆటగాడికి ఇలాంటి వార్త సొంత జట్టు నోటినుంచే అందాలి, అది మర్యాద.

కారులోనే కూర్చుని ధైర్యం కూడగట్టుకుని, ఎమిల్ ఇంటికి చేరేసరికి పదిన్నర దాటింది. బయట మైనస్ పద్దెనిమిది. తలుపు తీయగానే వేయించిన రొట్టె వాసన, టీ ఆవిరి మొహానికి కొట్టాయి.

"ఆంటీ!" ఎమిల్ నవ్వుతూ కోటు అందుకున్నాడు. "ఇవాళ నేనెక్కడున్నాను? ఇక్కడా, రెజైనాలోనా?"

రోజూ వేసే హాస్యమే. రోజూ "రెజైనాలో ఉన్నావు, అక్కడ చలి ఎలా ఉందో చెప్పు" అనేది వెల్మా. ఇవాళ మాత్రం కళ్ళద్దాల మీద పట్టిన ఆవిరి తుడుచుకుంటూ ఉండిపోయింది.

వంటింటి బల్ల దగ్గర అమ్మమ్మ కూర్చుని ఉంది. వాళ్ళ క్రీ తెగ మాటలో అమ్మమ్మ అంటే కోకుమ్. మనవడికే కాదు, జట్టు మొత్తానికీ ఆవిడ కోకుమే.

"కూర్చో అమ్మాయ్. బ్యానక్ రొట్టె వేడిగా ఉంది, వెన్న రాసుకో," అంది ఆవిడ, టీవీ వైపు గుర్రుగా చూస్తూ. "ఇవాళ నా మనసేం బాలేదు. నా కథ తప్పిపోయింది."

"ఏ కథ కోకుమ్?"

"రోజూ పదకొండింటికొచ్చే కథే. ఆ డాక్టరు తన తమ్ముడి పెళ్ళాన్ని దాచిపెట్టాడు చూడూ, అది. ఇవాళ పదింటికే వేసేసి వెళ్ళిపోయారు. టీవీ పెట్టేసరికి చివరి ఏడుపు ఒక్కటే మిగిలింది. ముసలిదాన్ని ఒక్క మాట అడగాలా వద్దా?"

"రేపు ఎలాగూ మళ్ళీ ఏడుస్తారులే కోకుమ్," అన్నాడు ఎమిల్.

"రేపటి ఏడుపు వేరు, ఇవాళ్టి ఏడుపు వేరు. నీకేం తెలుసు? పుల్లడ్డం పెట్టుకుని నిలబడే ఉద్యోగం నీది."

ఎమిల్ పగలబడి నవ్వాడు. వెల్మా కూడా నవ్వబోయింది. నోట్లో రొట్టెముక్క మట్టిలా ఉంది.

ఫ్రిజ్ తలుపు మీద ఆసుపత్రి కాగితం అంటించి ఉంది. సోమ, బుధ, శుక్ర, మధ్యాహ్నం ఒకటిన్నర. దాని పక్కనే జట్టు మ్యాచ్‌ల కాగితం. మ్యాచ్ ఉన్న శుక్రవారాల చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నాలు చుట్టి, ఎవరు తీసుకెళ్ళాలో పేర్లు రాశాడు ఎమిల్. కెప్టెన్ డార్సీ భార్య జోలీన్ పేరు నాలుగు చోట్లుంది. వెల్మా పేరు ఒకచోట ఉంది. వెల్మా ఆ కాగితం చూసి తల దించుకుంది.

"ఏంటి ఆంటీ, ఒంట్లో బాలేదా?" ఎమిల్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఏదైనా చెప్పడానికొచ్చారా?"

ఇదుగో ఇప్పుడే చెప్పాలి. వెల్మా నోరు తెరిచింది. కోకుమ్ ఎండిన చేతిని ఆమె చేతి మీద వేసి, ఇంకో ముక్క పళ్ళెంలో పెట్టింది.

"ఏం లేదు," అంది వెల్మా. "ఇటుగా పోతూ వచ్చాను."

అబద్ధాలన్నింటిలోకీ చిన్నది. జీవితాంతం గుర్తుండేదీ అదే. ముందు డార్సీ దగ్గర సంతకం తీసుకుంటే అసలు చెప్పాల్సిన అవసరమే రాదు కదా అని తనకి తాను నచ్చజెప్పుకుంటూ మెట్లు దిగింది. భయపడ్డ మనిషికి వాయిదా కంటే తియ్యనిది ఇంకేముంటుంది?

రింక్‌కి వచ్చేసరికి పదకొండున్నర. సాధన ముగిసింది. కుర్రాళ్ళంతా వెళ్ళిపోయారు. డ్రెస్సింగ్ రూములో డార్సీ వొరోబెట్స్ ఒక్కడే బెంచీ మీద కూర్చుని స్టిక్కుకి నల్ల టేపు చుట్టుకుంటున్నాడు. ఇటూనా ఊరి దగ్గర మసూర్ పప్పు పండించే రైతు కొడుకు. పద్నాలుగేళ్ళుగా ఈ జట్టు తప్ప వేరే చొక్కా తొడుక్కోలేదు.

"అరెరె, పై అంతస్తు వాళ్ళు కిందికి దిగారే," అన్నాడు. "నన్ను అమ్మేశారా ఏంటి?"

"నిన్నెవరు కొంటారు?" అంది వెల్మా. చేతిలోని కాగితాన్ని ఇంకో మడత పెట్టింది.

డార్సీ తల పక్కకి వంచి, ఒక కన్ను మూసి ఆమెని చూశాడు. ఈ మధ్య అతనికది అలవాటు. కుర్రాళ్ళు దాన్ని అనుకరించి నవ్వుకునేవారు కూడా.

"కూర్చో. ఏమైంది?"

వెల్మా అంతా చెప్పేసింది. నలభై సెకన్లు, జాబితా, ఒంటి గంట. ఎమిల్‌కి చెప్పలేక పారిపోయి వచ్చిన సంగతి కూడా దాచలేదు. డార్సీ టేపు చుట్టడం ఆపలేదు.

"వాడు పోతే ఆ ముసలావిణ్ణి ఎవరు చూస్తారు?" అన్నాడు.

"అందుకే వచ్చాను. అడక్కూడనిది అడగడానికి." మడత పెట్టిన కాగితం బెంచీ మీద ఉంచింది. "గాయాల జాబితా. సీజన్ మొత్తానికి. ఏదో ఒక నొప్పి రాయాలి. నడుమో, వెన్నో... డాక్టరుతో నేను మాట్లాడతాను."

"గార్త్ పంపాడా?"

"తప్పు నాది. నేనే అడుగుతున్నాను."

"అంటే, కప్పు గెలిచే అవకాశం పద్నాలుగేళ్ళకి ఒకసారి వచ్చినప్పుడు, సూటు వేసుకుని గ్యాలరీలో కూర్చోమంటున్నావు. అదీ అబద్ధం మీద సంతకం పెట్టి."

"అవును," అంది వెల్మా.

"పెట్టను."

వెల్మా అక్కడితో అంతా అయిపోయిందనుకుంది. కాగితం తీసుకుందామని చెయ్యి చాపింది.

"అబద్ధం మీద పెట్టను అంటున్నాను," అన్నాడు డార్సీ. టేపు తెంపి, స్టిక్కు గోడకి ఆనించాడు. "పెన్ను ఇలా ఇవ్వు. నిజం రాస్తాను."

"ఏం నిజం?"

అతను రెండు కళ్ళూ తెరిచి ఆమె వైపు చూశాడు. ఆమె వైపు కాదు, ఆమె భుజానికి కొంచెం పక్కగా.

"నాకు నువ్వు ఇద్దరు కనిపిస్తున్నావు వెల్మా. ఒక కన్ను మూస్తే ఒక్కదానివే."

వెల్మా చేతిలోంచి పెన్ను తనే తీసుకున్నాడు.

"జనవరిలో ఆ దెబ్బ తగిలింది చూడూ, గోడకేసి. అప్పట్నుంచి. పొద్దున కొంచెం నయం. సాయంత్రానికి అన్నీ రెండే. పక్కు వస్తుంటే రెండొస్తాయి. ఒకదాన్ని ఎంచుకుని ఆడతాను. ఇన్నాళ్ళూ ఎంపిక బాగానే కుదిరింది. మొన్న గురువారం తప్పుదాన్ని ఎంచుకున్నాను. గోలు పడింది. పేపర్లో వయసైపోయిందని రాశారు. రాసుకోనీ అని ఊరుకున్నాను."

"దేవుడా! రెండు నెలలుగా? డార్సీ, ఇంకో దెబ్బ తగిలుంటే?"

"రోజూ అదే అనుకుంటూ మంచు మీదకి దిగుతున్నాను."

"జోలీన్‌కి తెలుసా?"

"పిల్లకి తెలుసు. రాత్రి బొమ్మల పుస్తకం చదివి పెడుతుంటే, 'నాన్నా, అదే లైను మళ్ళీ చదువుతున్నావు' అంది. అమ్మకి చెప్పకు అన్నాను. ఆరేళ్ళ పిల్ల, ఇంతవరకూ చెప్పలేదు. దాని మొహం చూడాలంటే సిగ్గుగా ఉంది." డార్సీ చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "డాక్టరు ఆడొద్దంటాడని భయం. ఆడొచ్చు అంటాడేమోనని ఇంకా భయం. నాకిప్పుడు భయాలు కూడా రెండే."

ఇక్కడ వెల్మా గురించి ఒక మాట చెప్పాలి, దాచి లాభం లేదు. ఆమె మనసులో మొదట వచ్చిన మాట, అమ్మయ్య. ఇది అబద్ధం కాదు, కాగితం నిలబడుతుంది, ఎమిల్ దక్కుతాడు. ఆ మరుక్షణం అలా అనుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయింది. ఎదురుగా మనిషి కళ్ళు పోగొట్టుకుంటున్నాడు, తను సూట్‌కేసు జిప్పు పడిందని సంబరపడుతోంది. అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఏడ్చేసింది.

"ఏడుపు తర్వాత," అన్నాడు డార్సీ. "ఒంటి గంటే గడువన్నావు. డాక్టర్ని పిలువు."

డాక్టరు వచ్చాడు. కళ్ళలోకి దీపం వేశాడు, వేలు అటూ ఇటూ కదిపాడు, ఎన్ని కనిపిస్తున్నాయన్నాడు. డార్సీ చెప్పాడు. డాక్టరు మొహం పాలిపోయింది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే జవాబు. కాగితం నింపి సంతకం పెట్టాడు. డార్సీ ఒక కన్ను మూసి, గీత ఎక్కడుందో వేలితో తడిమి చూసుకుని, పేరు రాశాడు.

వెల్మా ఫోను చూసుకుంది. పన్నెండు దాటి పది నిమిషాలు. ఒంటి గంటకి ఇంకా బోలెడు టైముంది. లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లన్నీ పరిగెత్తింది.

కాగితం కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఎమిల్ పేరు వెనక్కి తీసుకుంటున్నామని రెండు వాక్యాలు రాసి పంపేసరికి పన్నెండూ పదిహేను. గార్త్ ఆమె కుర్చీ వెనక నిలబడి చూస్తున్నాడు. డార్సీ సంగతి కూడా విన్నాడు. గింజల పొట్లం తెరిచినవాడు మూసేశాడు.

"ముప్పావు గంట ముందే పంపాం," అన్నాడు. "కనీసం పిల్లాడు మిగిలాడు. వెల్మా, పొద్దున నేనన్నది..."

జవాబు వచ్చిన చప్పుడయింది. వెల్మా పైకే చదివింది.

"డార్సీ వొరోబెట్స్ పేరు సీజన్ మొత్తానికీ గాయాల జాబితాలో నమోదైంది. ఎమిల్ డేనో విషయంలో మీ విన్నపం..." ఆగిపోయింది. మళ్ళీ చదివింది. "...గడువు దాటాక అందింది."

"దాటడమేంటి?" ఇప్పుడు అరిచాడు గార్త్. అద్దాలు నిజంగానే అదిరాయి. "ఒంటి గంటా పదిహేనేగా వాళ్ళకి! కళ్ళు లేవా వాళ్ళకి? అదుగో!"

వేలు పెట్టి గోడ మీద టొరంటో గడియారాన్ని చూపించాడు. అవును, ఒంటి గంటా పదిహేనే. వెల్మా చూపు గడియారం మీంచి మెల్లిగా కిందికి దిగి, ఎవరూ కూర్చోని ఆ పాత కుర్చీ మీద ఆగింది.

టొరంటో నుంచి వచ్చే పదకొండింటి కథ ఇవాళ పదింటికే వేసేసి వెళ్ళిపోయారు.

మార్చిలో ఒక ఆదివారం తెల్లవారుజామున తూర్పు వాళ్ళు గడియారాలు గంట ముందుకి తిప్పుకుంటారు. మా సస్కచెవాన్ రాష్ట్రం తిప్పదు. పొద్దు మా కోసం ఆగుతుందిలే అని తాతల నాడే తేల్చుకున్నాం. అందుకే ఆ సోమవారం పొద్దున్నే వెల్మా బూట్లు విప్పి కుర్చీ ఎక్కి టొరంటో ముల్లుని గంట ముందుకి జరిపేది. పదకొండేళ్ళలో ఒక్కసారీ మర్చిపోలేదు. ఈ సోమవారం భయంతో ఆ గడియారాన్ని పొద్దుణ్ణుంచి వందసార్లు చూసింది, ఒక్కసారి కూడా కుర్చీ ఎక్కలేదు. టొరంటోలో రెండయినప్పుడు ఇక్కడ పన్నెండు. ఆ పన్నెండు గంటలకి ఆమె కింద డార్సీ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

గార్త్‌కి కూడా అర్థమైంది. చాపిన వేలు దించడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు.

అప్పుడు ఫోను మోగింది. ఎమిల్.

"ఆంటీ!" కారులోంచి మాట్లాడుతున్నాడు. నవ్వు ఇంకా గొంతులోనే ఉంది. "కోకుమ్‌ని ఆసుపత్రికి తీసుకెళ్తున్నా. ఇప్పుడే హ్యూస్టన్ నుంచి ఎవరో ఫోను చేశారు. మా జట్టుకి స్వాగతం, రేపు పొద్దున్నే విమానం అంటున్నారు. కోకుమ్ భయపడిపోతోంది. నేను చెప్పానులే, మా ఆంటీ ఉంది, ఏం పర్లేదని."

పక్క నుంచి ముసలావిడ గొంతు క్రీలో ఏదో అడుగుతోంది, ఆగకుండా. ఎమిల్ ఆవిడని ఊరుకోమని, మళ్ళీ ఫోనులోకి వచ్చాడు. ఈసారి గొంతులో నవ్వు లేదు.

"ఇది కూడా కాగితం మీదే కదా ఆంటీ?"